చర్మం మీది జబ్బు, రక్తంలోని కారణం

(డిసెంబరు 1న సోలాపూరులో జరిగిన సభ్యుల సభలో సంఘ ఆరోగ్య ఉపసంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి పాళీ దిగి, నిద్ర కూడా పోకుండా నేరుగా సభకు వచ్చినవారు మీలో చాలామంది ఉన్నారు. ఇది బోనస్ సభ కాదు, పగారు పెంపు సభ కూడా కాదు. ఒక జబ్బును గురించి, ఆ జబ్బు పట్ల మనం నడుచుకున్న తీరును గురించి మాట్లాడుకోవడానికి పిలిచాము.

ముందుగా ఒక సంగతి. ఈ రోజు మేము చెప్పబోయేది మన సభ్యుడొకరి కథ. అతని ఒప్పుదల తీసుకున్నాము. రాసిన కాగితం అతనికి చదివి వినిపించాము. అతను సరేనన్న తర్వాతనే ఇక్కడికి తెచ్చాము. పని చేసిన చోటు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాము. అతనెవరో ఊహించే ప్రయత్నం దయచేసి ఎవరూ చేయవద్దు. ఏ కార్ఖానాలో జరిగిందని అడగవద్దు. ఏ కార్ఖానాలోనైనా జరగగలదు.

అతను నాలుగు సాంచాలు నడిపే కార్మికుడు. తువ్వాళ్ల నేత. 2022 దసరాకు ముందు తలలో పొట్టు రాలడం మొదలైంది. చుండ్రు అనుకున్నాడు. తర్వాత మెడ, ఛాతీ, వీపు ఎర్రబడ్డాయి. వేళ్ల వెనుక భాగాన చిన్న చిన్న మొనలు లేచి, చేత్తో తడిమితే కొబ్బరి తురిమే కోరు పళ్లలా గరగరలాడేవి. దీపావళి నాటికి అరచేతులు, అరికాళ్లు మైనం పూసినట్టు పసుపు-నారింజ రంగులో మందం కట్టాయి. ఆ తర్వాత పగుళ్లు వచ్చాయి.

నేత పనిలో చేతి వేళ్ల విలువ మీకు మేము చెప్పాలా? పడుగు పోగు తెగితే క్షణంలో పట్టుకుని ముడి వేయాలి. చర్మం చెక్కలా బిగుసుకుపోతే వేళ్లకు పోగు తగలదు. ముడి పడదు. సాంచా ఆగిపోతుంది. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి సాంచా ఆగితే పగారు ఆగినట్టే. ఒకరోజు పగుళ్ల నుంచి కారిన రక్తం తువ్వాలు మీద మరక పడింది. ఆ ముక్క కూలి కోశారు.

అతను ఊరుకోలేదు, మందులు వాడాడు. మెడికల్ షాపులో అడిగితే ట్యూబు ఇచ్చారు. అది రాస్తే నాలుగు రోజులు తగ్గినట్టుండి మళ్లీ రెట్టింపయ్యేది. ఒకచోట సూదులు వేశారు. ఒకచోట రంగునీళ్ల వల్ల అన్నారు, కానీ అతను రంగుల ఖాతాలో ఎన్నడూ పని చేయలేదు. ఇంటి దగ్గర పసరు పూశారు. నాలుగు నెలల్లో చేసిన అప్పు తీరడానికి తర్వాత ఏడాదిన్నర పట్టింది.

ఇక మన సంగతి. పొట్టు నేల మీద రాలుతోందని అతని సాంచాల పక్కకు రావడానికి తోటివారు వెనుకాడారు. కుష్ఠు అని ఒకరన్నారు. పాపం పండిందని మరొకరన్నారు. నీళ్ల కుండ వేరు చేశారు. ఇవన్నీ యాజమాన్యం చేసిన పనులు కావు. సంఘం కార్డు జేబులో ఉన్నవారు చేసిన పనులు. ఉపసంఘం నుంచి మేము ముగ్గురం వెళ్లాము. చూసి, "కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండు తమ్మీ, తగ్గినంక రావచ్చు" అని చెప్పి వచ్చాము. అతను చేతులు రెండూ ముందుకు చాచి, "అన్నా, ఇంట్ల కూసుంటే పోరగాండ్లకు ఏం పెట్టాలె?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ తప్పు మాది. ఈ సభలో అందరి ముందు దానిని ఒప్పుకుంటున్నాము.

చివరికి 2023 ఫిబ్రవరిలో అతన్ని సర్కారు ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి తీసుకువెళ్లాము. అప్పటికి ఒళ్లంతా ఎర్రబడి ఉంది. ఆ ఎరుపు మధ్యలో అక్కడక్కడ నీళ్ల నడుమ దీవుల్లా మామూలు చర్మం మిగిలి ఉంది. వీపు మీద, ముఖం మీద పెద్ద పెద్ద చీము గడ్డలు, చంకల్లో కురుపులు కూడా ఉన్నాయి. ఎండాకాలం దగ్గరపడుతున్నా అతను దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. చర్మమంతా ఎర్రబడి పొట్టు రాలుతున్నప్పుడు శరీరంలోని వేడి, నీరు బయటికి పోతాయనీ, చీము పట్టే ప్రమాదం ఉంటుందనీ, ఇది ఆసుపత్రిలో చేర్చవలసిన స్థితి అనీ డాక్టరమ్మ చెప్పారు.

చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆపైన ఆమె మమ్మల్ని బయటికి పంపి అతనితో విడిగా మాట్లాడారు. రక్తపరీక్షల్లో హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేయించుకోవడం మంచిదని, ఎందుకో వివరించి, అతని ఒప్పుదల అడిగారు. అతను ఒప్పుకున్నాడు. హెచ్.ఐ.వి. ఉన్నదని తేలింది. ఈ మాట అతనే కొన్ని వారాల తర్వాత, తన ఇష్టప్రకారం, మాలో ఒకరికి చెప్పాడు.

ఆ చర్మవ్యాధి పేరు పిటిరియాసిస్ రుబ్రా పిలారిస్. నోరు తిరగని పేరే. కాని దాని అర్థం సులువు. మొదటి మాటకు తవుడులా రాలే పొట్టు అని, రెండవ దానికి ఎరుపు అని, మూడవ దానికి వెంట్రుకలకు సంబంధించినది అని అర్థం. వెంట్రుక కుదుళ్ల దగ్గర చర్మకణాలు ఉండవలసిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పెరిగి, కుదుళ్ల నోళ్లలో బిరడాల్లా బిగుసుకుంటాయి. చుట్టూ వాపు, ఎరుపు వస్తాయి. 1889లో బెస్నియే అనే ఫ్రెంచి వైద్యుడు ఈ పేరు పెట్టాడు. ఇది చాలా అరుదైన జబ్బు. చర్మవ్యాధుల విభాగానికి కొత్తగా వచ్చేవారిలో బ్రిటన్‌లో 5,000 మందిలో ఒకరికి, మన దేశంలో 50,000 మందిలో ఒకరికి ఉంటుందని వైద్య గ్రంథాల్లో చెబుతారు. సోరియాసిస్‌ను చాలా వరకు పోలి ఉంటుంది. అందుకే ముక్క తీసి పరీక్షించవలసి వస్తుంది. సూక్ష్మదర్శినిలో చర్మం పైపొర చదరంగం పలకలా గళ్లు గళ్లుగా కనిపించడం దీని గుర్తుల్లో ఒకటి.

1980లో గ్రిఫిత్స్ అనే వైద్యుడు దీన్ని ఐదు రకాలుగా విభజించాడు. ఆ రకాలకు హెచ్.ఐ.వి.తో సంబంధం లేదు. కొన్ని పెద్దవారికి, కొన్ని పిల్లలకు వస్తాయి. 1990లలో హెచ్.ఐ.వి. ఉన్నవారిలో కొత్త రూపం ఒకటి కనిపించింది. దానిని ఆరవ రకం అన్నారు. మన సభ్యుడికి వచ్చినట్టు చీము గడ్డలు, చంకల్లో, గజ్జల్లో కురుపులు, ముళ్లలాంటి మొనలు తోడుకావడం ఈ ఆరవ రకం లక్షణం.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. చేతులు పగిలినవారందరికీ ఈ జబ్బు లేదు. ఈ జబ్బు వచ్చినవారందరికీ హెచ్.ఐ.వి. లేదు, చాలామందికి ఉండదు. రేపు పని దగ్గర ఎవరి చేయి గరుకుగా కనిపించినా వేలు పెట్టి చూపితే మేము ఈ రోజు మాట్లాడినదంతా వృథా.

హెచ్.ఐ.వి. చర్మాన్ని ఎందుకు పాడు చేస్తుంది? మన రక్తంలో సీడీ4 అనే కణాలు ఉంటాయి. ఖాతాలో జాబర్ ఎలాగో, రోగాన్ని ఎదిరించే బలగంలో ఇవి అలాగ. ఎక్కడ కదలాలో, ఎక్కడ ఆగాలో మిగతా కణాలకు చెప్పేవి ఇవే. హెచ్.ఐ.వి. వీటినే చంపుతుంది. జాబర్ లేని ఖాతాలో కొన్ని సాంచాలు ఆగిపోతాయి, కొన్ని అదుపు లేకుండా కొట్టుకుంటాయి. శరీరంలోనూ అంతే. ఒకవైపు క్రిములను ఎదిరించే శక్తి తగ్గుతుంది. మరోవైపు అవసరం లేనిచోట వాపు, మంట, ఎరుపు లేస్తాయి. అందుకే లోపలి జబ్బు కొందరిలో మొదట చర్మం మీదనే బయటపడుతుంది.

ఇప్పుడు వైద్యం సంగతి. మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదట 1986లో చెన్నైలో గుర్తించారు. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు పేదవాడికి మందు అందలేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి సర్కారు ఏ.ఆర్.టీ. మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి సీడీ4 లెక్క ఎంత ఉన్నా, హెచ్.ఐ.వి. ఉన్నదని తేలగానే మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి మూడు మందులు కలిసిన మాత్ర ఒకటే, రోజుకు ఒకసారి. మన సోలాపూరు సివిల్ ఆసుపత్రిలో ఏ.ఆర్.టీ. కేంద్రం ఉంది. పైసా ఖర్చు లేదు.

మన సభ్యుడికి ఈ మాత్రతో పాటు చర్మానికి పూతమందులు, తేమ పట్టి ఉంచే లేపనాలు, ఎసిట్రెటిన్ అనే మాత్రలు ఇచ్చారు. సోదరీమణులు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ ఎసిట్రెటిన్ గర్భంలోని బిడ్డకు చాలా హాని చేస్తుంది. మానేసిన తర్వాత కూడా మూడేళ్ల వరకు గర్భం రాకూడదు. ఒకరికి రాసిన చీటీతో మరొకరు మందు కొనడం మన గల్లీల్లో అలవాటు. ఈ జబ్బు విషయంలో అది ప్రాణాంతకం.

ఆరవ రకానికి అసలైన మందు ఏ.ఆర్.టీ.యే. రక్తంలో వైరస్ అణిగి, బలగం కోలుకునే కొద్దీ చాలామందిలో చర్మం కూడా మారుతుంది. అందరికీ ఒకేలా కాదు, ఒక్కరోజులో కాదు. మొదటి వారాల్లో కొందరికి దద్దుర్లు, జ్వరం ఎక్కువ కావచ్చు. అప్పుడు మాత్ర మానకూడదు, డాక్టరుకు చూపాలి. మన సభ్యుడికి ఒంటి ఎరుపు తగ్గడానికి మూడు నెలలు పట్టింది. 2023 దీపావళి నాటికి అరచేతుల మందం దిగింది. ఆ నెలలో అతను మాలో ఒకరి ఇంటికి వచ్చి, దారం ముక్క తీసి, కళ్లు మూసుకుని ముడి వేసి చూపించాడు. "ఇప్పుడు పోగు తెలుస్తుందన్నా" అన్నాడు. అతని భార్యకు పరీక్ష చేశారు. ఆమెకు హెచ్.ఐ.వి. లేదు. పిల్లలకూ లేదు. క్రమం తప్పకుండా మాత్ర వేసుకుని, రక్తంలో వైరస్ లెక్కకు అందనంత తగ్గి, అలాగే నిలిచి ఉన్నంతకాలం భార్యాభర్తల కలయిక వల్ల హెచ్.ఐ.వి. అంటదని ఈనాడు వైద్యశాస్త్రం నిర్ధారించింది.

మరి మన భయాల మాటేమిటి? మీరు అడగదలచినవి మేమే అడుగుతాము.

ఒకటి. రాలిన పొట్టు వల్ల జబ్బు అంటుతుందా? అంటదు. ఈ చర్మవ్యాధి అంటువ్యాధి కాదు. అది క్రిమి వల్ల వచ్చేది కాదు, పొట్టు ఎండిన చర్మం మాత్రమే.

రెండు. ఒకే కుండ నీళ్లు, ఒకే మరుగుదొడ్డి, ఒకే సాంచా వల్ల హెచ్.ఐ.వి. వస్తుందా? రాదు. రక్షణ లేని లైంగిక సంబంధం వల్ల, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం వల్ల, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడడం వల్ల, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. కుండ వేరు చేయడం వల్ల ఒక మనిషి మనసు విరిగింది తప్ప, ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

మూడు. తువ్వాలు మీద పడ్డ రక్తపు మరక వల్ల? గుడ్డ మీద ఎండిన మరక వల్ల హెచ్.ఐ.వి. రాదు. అయితే ఎవరికి గాయమైనా, వారు ఎవరైనా సరే, కట్టు కట్టేవారు చేతులకు రబ్బరు తొడుగు వేసుకోవాలి. ప్రతి ఖాతాలో ప్రథమచికిత్స పెట్టెలో ఆ తొడుగులు ఉండాలి. ఇది అందరి కోసం అడగవలసిన కోరిక.

నాలుగు. నాడె కంటిలో పోగును నోటితో పీల్చే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఒకరి నాడెను మరొకరు పీలిస్తే హెచ్.ఐ.వి. వస్తుందా? ఉమ్మి వల్ల అది రాదు. కాని ఆ అలవాటు మంచిది కాదు. పీల్చేటప్పుడు నూలు దుమ్ము నోట్లోకి, ఊపిరిలోకి పోతుంది. పోగు లాగడానికి కొక్కెం వాడాలి. ఇంకో మాట. మన గాలి ఆడని షెడ్లలో ఒకరి నుంచి మరొకరికి నిజంగా అంటేది క్షయ. హెచ్.ఐ.వి. ఉన్నవారికి క్షయ మరింత ప్రమాదం. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే, ఎవరైనా సరే, తెమడ పరీక్ష చేయించుకోవాలి. భయపడదలచుకుంటే మూసి ఉన్న కిటికీలను చూసి భయపడదాం.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి పోవాలి? నెల దాటినా తగ్గని ఎరుపు, పొట్టు ఉంటే. అరచేతులు, అరికాళ్లు రెండూ ఒకేసారి మందం కట్టి పగిలితే. చేతుల మీద, కాళ్ల మీద దురద పొక్కులు నెలల తరబడి వదలకపోతే. వయసులో ఉన్నవారికి సర్పి లేస్తే. నాలుక మీద తెల్లటి పూత, దానితో పాటు బరువు తగ్గడం, విడవని జ్వరం ఉంటే. వీటికి కారణాలు చాలా ఉంటాయి. హెచ్.ఐ.వి. వాటిలో ఒకటి మాత్రమే. కాని పరీక్ష చేయిస్తే తెలుస్తుంది, తెలిస్తే మందు ఉంది. సర్కారు ఆసుపత్రుల్లో పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. 1097 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా సలహా దొరుకుతుంది. చీటీ లేకుండా మెడికల్ షాపులో ట్యూబు కొనడం మాత్రం మానండి. వాటిలో చాలావరకు గట్టి స్టెరాయిడ్లు ఉంటాయి. అవి జబ్బును కప్పిపుచ్చి, చర్మాన్ని పలుచన చేసి, అసలు వైద్యాన్ని ఆలస్యం చేస్తాయి.

చివరిగా హక్కుల మాట. 1997లోనే బొంబాయి హైకోర్టు ఒక తాత్కాలిక కార్మికుడి కేసులో తీర్పు చెప్పింది. పని చేయగలిగిన మనిషిని, హెచ్.ఐ.వి. ఉన్నదన్న ఒకే కారణంతో, పని నుంచి తీసివేయరాదని ఆ తీర్పు సారాంశం. పార్లమెంటు 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం పనిలో పెట్టుకోవడానికి హెచ్.ఐ.వి. పరీక్ష షరతు పెట్టరాదు. మనిషి ఒప్పుదల లేకుండా పరీక్ష చేయరాదు. ఫలితం మరొకరికి చెప్పరాదు. వంద మంది, అంతకు మించి ఉన్న సంస్థలో ఫిర్యాదులు తీసుకునే అధికారిని నియమించాలి. రాష్ట్రంలో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మన షెడ్లలో చాలావాటిలో వంద మంది ఉండరు. అయినా వివక్ష చూపరాదన్న నియమం చిన్న షెడ్డుకూ వర్తిస్తుంది.

ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారికి, చందా నిబంధన పూర్తయితే, జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు కూలిలో నూటికి 70 వంతున భత్యం వస్తుంది. మన సభ్యుడు ఇరవై ఏళ్లు సాంచాలు నడిపినా అతని పేరు ఇ.ఎస్.ఐ.లో ఎక్కలేదు. ఆ కార్డు ఉంటే నాలుగు నెలల అప్పులో సగమైనా ఉండేది కాదు. కనుక ఇ.ఎస్.ఐ. నమోదు పోరాటం ఈ జబ్బు కథలో భాగమే.

కాబట్టి ఉపసంఘం మూడు తీర్మానాలు మీ ముందు పెడుతున్నది. జబ్బు పేరుతో ఏ సభ్యుడికైనా కుండ, చోటు, సాంచా వేరు చేస్తే, చేసినది సభ్యుడైనా యజమాని అయినా, సంఘం బాధితుని పక్షాన నిలబడుతుంది. ఆసుపత్రికి ఒంటరిగా పోలేని సభ్యుడికి తోడుగా ఉపసంఘం మనిషిని పంపుతుంది, విన్నది బయటికి చెప్పదు. ఇ.ఎస్.ఐ.లో పేరు లేనివారి జాబితా ఈ నెలలోనే గల్లీ గల్లీ తిరిగి తయారు చేస్తుంది.

ఆ సోదరుడు ఇప్పుడు మళ్లీ నాలుగు సాంచాలు నడుపుతున్నాడు. ఈ కాగితం విన్న తర్వాత అతను ఒకే మార్పు కోరాడు. "నన్ను చూసి జాలి పడుమని రాయకుండ్రి. చేతులు పగిలిన రోజునే ఎవరన్న దవాఖానకు తోలుకపోయుంటే బాగుండునని రాయుండ్రి" అన్నాడు. అలాగే రాశాము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!